గెడ్డపాలెం జుట్టుకోళ్లు

కూర్మన్నపాలెం,
12-6-86

పోతమ్మ అత్తకి,

నీ మేనకోడలు గంగాభవాని దండాలు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న నీకు వాటా అద్దెకిచ్చిన రిటైర్డు పోస్టుమాస్టర్ అచ్యుతరామయ్య గారికి కూడా దండాలు. ఆయన చదువుతుంటే మధ్యలో అడ్డం పడకు అత్తా, ముందు మొత్తం విను.

మాకు స్టీలు ప్లాంటు క్వార్టరు వచ్చింది. కింద వాటా. రెండు గదులు, వంటిల్లు, నీళ్లు రెండు పూటలా. అన్నిటికంటే ముఖ్యం, వెనక పెరడు. నాలుగు నులక మంచాలు పడతాయి, అంతే. నీ అల్లుడు అర్జునరావు అక్కడ గులాబీలు వేస్తానంటున్నాడు. నేను మాత్రం తాళం తీసిన రోజే కోళ్ల గూడు ఎక్కడ పెట్టాలో చూసేసుకున్నాను.

ఆరేళ్ల కిందట మన గెడ్డపాలెం ఖాళీ చేసినప్పుడు ఊళ్లోవాళ్లంతా కోళ్లను కోసుకు తిన్నారు, లేదా వచ్చినకాడికి అమ్మేశారు. ప్లాంటుకి ఊరే పోయాక కోడి ఉంటే ఎంత, పోతే ఎంత అన్నారు. నువ్వొక్కదానివే గంపలో పెట్టుకుని ఎలమంచిలి రైలెక్కావు. నెత్తిన కుచ్చులా జుట్టుండే ఆ కోడి మన ఊళ్లో తప్ప నేనెక్కడా చూడలేదు. ఇప్పుడు నీ పెరట్లో తప్ప ఎక్కడా లేదు.

నాకు ఒక పుంజు, రెండు పెట్టలు పంపు. రెండు చోట్ల ఉంటే మన ఊరి కోడి నాలుగు కాలాలపాటు ఉంటుంది.

నీ
గంగాభవాని


ఎలమంచిలి,
25-6-86

చి. సౌ. గంగాభవానికి,

పోతమ్మ గారు చెబుతుంటే అచ్యుతరామయ్య రాస్తున్నాడు. ఆమె మాట వేగాన్ని నా కలం అందుకోలేదు కనుక కొంత సరిచేసి రాస్తున్నాను. కొన్ని మాటలు మాత్రం "నానెలగ సెప్పేనో అలగే రాయాల" అని పట్టుబట్టారు. అవి అలాగే ఉంటాయి.

గంగా, గులాబీలెందుకే? కూరకి రావు, పులుసుకి రావు. గూడు పెట్టు.

సంతలో నా పక్కన ఉల్లిపాయలమ్మే వీర్రాజు ఆదివారం పాసింజరులో అటు వస్తున్నాడు. వాడి చేత మూడింటిని పంపుతున్నాను. వాటి గుణాలు చెబుతాను, చెవిపెట్టి విను.

పుంజు పేరు బుగతోడు. నడకంతా భూస్వామి నడక. అయితే పేరుకే బుగత. గింజ దొరికితే ముందు తాను ముట్టడు. పెట్టల్ని పిలిచి, అవి తిన్నాక మిగిలింది తింటాడు. ఇది నీ మొగుడికి దగ్గరుండి చూపించు.

పెట్టల్లో నల్లది గయ్యాళిది. చెయ్యి పెడితే పొడుస్తుంది. "పొడిసినాదని ఏడకు. దాని తల్లీ అంతే, దాన్ని పెంచిన నానూ అంతే." పిల్లలతో ఉన్నప్పుడు మాత్రం దాని పెరట్లో గద్ద వాలదు.

గోధుమరంగుది బెదురుగొడ్డు. తన గుడ్డు చూసి తానే ఉలిక్కిపడుతుంది. దాని దగ్గర గిన్నెలు పడెయ్యకు. కాని పొదగడానికి కూర్చుందంటే ఇరవై ఒక్క రోజులూ కదలదు. బెదిరేవాళ్లకే ఓర్పెక్కువ. గుడ్లు పెట్టే బుట్టలో గడ్డి కింద ఓ బొగ్గుముక్క, ఓ ఇనపముక్క వెయ్యి. ఉరిమినా గుడ్లు చెడవు.

నా దగ్గర ఇంకా పద్నాలుగున్నాయి. నాకేం బెంగ లేదు.

పోతమ్మ

తా.క. నేను శాకాహారిని. నా పెరట్లో కోళ్లు తిరగడానికి ఏనాడూ ఒప్పుకోలేదు. వద్దని మాత్రం అనలేకపోయాను. - అ.రా.


కూర్మన్నపాలెం,
27-7-86

అత్తా,

ముగ్గురూ క్షేమంగా చేరారు. వీర్రాజు సంగతే చెప్పలేను. అనకాపల్లి నుంచి దువ్వాడ దాకా గయ్యాళిది గంప సందులోంచి పొడుస్తూనే ఉందట. నీ మీద చాలా కోపంగా ఉన్నాడు, ఓ వారం వాడి దగ్గర ఉల్లిపాయలు కొనకు.

బుగతోడు వచ్చీ రాగానే పెరడంతా నాలుగుసార్లు తిరిగాడు. తర్వాత గోడెక్కి, ప్లాంటు వైపు తిరిగి ఒక్క కూత కూశాడు. మన ఊరు ఉండేది అటువైపే కదా. నేను వంట వదిలేసి బయటికి వచ్చేశాను. ఆ కూత విని ఆరేళ్లయింది అత్తా. అన్ని పుంజులూ ఠక్కున ఆపేస్తాయి, మనవి చివర్లో కొంచెం సాగదీసి దించుతాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమైందని అర్జునరావు అడిగితే ఉల్లిపాయలు తరుగుతున్నానన్నాను. చేతిలో ఉన్నవి బెండకాయలు.

బెదురుగొడ్డు నిజంగానే పిరికిది. కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరుతుంది. నా ఎర్రచీర చూస్తే గోడ దూకబోతుంది. ఇప్పుడు ఇంట్లో ఎర్రచీర కట్టడం మానేశాను.

గయ్యాళిదానితోనే తంటా వచ్చింది. పక్క క్వార్టరు గురునాథరావు గారు తణుకు వైపు మనిషి. సి షిఫ్టు. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదికి నడుం వాలుస్తాడు. ఇది సరిగ్గా పది గంటలకి ఆయన కిటికీ కింద గుడ్డు పెడుతుంది. పెట్టి ఊరుకుంటుందా, పావుగంట చాటింపు. నిన్న ఆయన లుంగీతోనే గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ, గుడ్డెట్టింది బానే ఉందండి. ఆ సంగతి ఊరందరికీ చెప్పాలాండి?" అన్నాడు.

అర్జునరావు నవ్వుతూ, "ఆడకూతురు బావ, కష్టపడి కన్నాది. సెప్పుకోదా ఏటి?" అన్నాడు.

ఆయన నవ్వలేదు. రెండు గుడ్లు ఇస్తే పుచ్చుకున్నాడు. అప్పుడూ నవ్వలేదు.

గంగాభవాని


ఎలమంచిలి,
24-8-86

గంగా,

గుడ్ల బుట్ట ఆయన కిటికీ కింద ఎందుకు పెట్టావే? దాన్ని నీ వంటింటి వైపు జరుపు. కోడికి చోటు మార్చినా మూడు రోజుల్లో మరిచిపోతుంది. మనలాగా కాదు.

ఇక్కడ అందరూ బాగున్నారు. పెత్తనాలది అని ఒకటుంది, నీకు తెలియదు, మనం ఊరు వదిలాక పుట్టింది. వీధిలో ఏ ఇంటి తలుపు తీసి ఉన్నా వెళ్లి పలకరించి వస్తుంది. మొన్న పోస్టుమాస్టర్ గారి పూజగదిలోకి వెళ్లి అక్షింతలన్నీ తినేసింది. ఆయన సంధ్యావందనం మధ్యలో ఉన్నారు, లేవకూడదు, తిట్టకూడదు. "సేతులు మాత్రం తెగ ఊపీసినారు."

నేను సంత నుంచి వచ్చేసరికి పద్నాలుగూ గుమ్మంలో వరసగా నిలబడతాయి. "కట్టుకున్నోడు కూడా అలగ ఎదురు సూడనేదు నాకు."

పోతమ్మ

తా.క. పూజగదిలోకి కాదు. గడప దాకా మాత్రమే. అక్షింతలు గడప మీద ఉన్నాయి. - అ.రా.


కూర్మన్నపాలెం,
22-10-86

అత్తా,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇల్లు సర్దుకోవడంతోనే సరిపోతోంది.

బెదురుగొడ్డు తొమ్మిది గుడ్ల మీద కూర్చుంది. నువ్వన్నట్టే కదల్లేదు. మెతుకులు కూడా ముక్కు దగ్గర పెట్టాల్సి వచ్చింది. కాని ఇరవై ఒకటో రోజు దాటింది, ఇరవై అయిదూ దాటింది, ఒక్కటీ పిల్ల కాలేదు. మధ్యలో బాగా ఉరిమింది అత్తా, అందుకే చెడిపోయి ఉంటాయి. అది ఇంకా ఖాళీ బుట్టలో వెళ్లి కూర్చుంటోంది. చూడలేకపోతున్నాను.

గురునాథరావు గారు ఇప్పుడు ఏమీ అనడం లేదు. బుగతోడు బాగున్నాడు. నీ పద్నాలుగు మంది ఎలా ఉన్నారు?

గంగాభవాని


ఎలమంచిలి,
9-11-86

గంగా,

ఇక్కడ అంతా బాగున్నారు.

ఉరుముకి ఒకటో రెండో చెడతాయి. తొమ్మిదికి తొమ్మిదీ చెడవు. అయినా అంత ప్లాంటు పక్కన పెట్టుకుని గుడ్ల బుట్టలో వెయ్యడానికి ఇనపముక్క దొరకలేదా? పుంజు తోడు లేని పెట్ట గుడ్లు పెడుతుందే గాని అవి పిల్లలు కావు. "బుగతోడు ఏటి సేత్తన్నాడు?" నిజం చెప్పు.

పోతమ్మ

తా.క. అమ్మాయీ, పోతమ్మ గారు పై మాటలు చెప్పి సంతకి వెళ్లారు. ఇక్కడి నుంచి నేను సొంతంగా రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు తపాలాశాఖలో పనిచేశాను. ఒకరికి తెలియకుండా వారి ఉత్తరంలో ఒక్క అక్షరం చేర్చినవాణ్ణి కాదు. ఈ రోజు చేరుస్తున్నాను.

ఇక్కడ అంతా బాగున్నారన్నది అబద్ధం. కిందటి నెలలో కొక్కెర తెగులు వచ్చింది. ఆరు రోజుల్లో పద్నాలుగూ పోయాయి. మెడలు వంకర తిరిగి, నోళ్లు తెరుచుకుని. పెత్తనాలది ఆఖరున నా గుమ్మంలోకి వచ్చి పడిపోయింది. పెరడు చివర గొయ్యి నేనే తవ్వాను. ఆమె సరిగా తినడం లేదు. సంత నుంచి వచ్చి గుమ్మంలో కొంచెంసేపు నిలబడి అప్పుడు లోపలికి వెళుతున్నారు. నీకు రాయాలంటే సిగ్గుపడుతున్నారు. ఎందుకు సిగ్గో నాకు చెప్పలేదు.

ఇప్పుడు మీ ఊరి కోళ్లు మీ పెరట్లో ఉన్న మూడే. పుంజుని కంటికి రెప్పలా చూసుకో. నేను రాశానని చెప్పకు. - అచ్యుతరామయ్య


కూర్మన్నపాలెం,
14-11-86

పూజ్యులు అచ్యుతరామయ్య గారికి,

ఇది మీకే రాస్తున్నాను. అత్తకి చదివి వినిపించకండి.

మీ ఉత్తరం చదివాక ఇక దాచలేను. పుంజు నా దగ్గర లేదండి. రెండు నెలలైంది.

సెప్టెంబరులో మా ఆయన పైఅధికారి, ఇంజనీరు శుభాకర్ గారు ఇటు వచ్చి మంచినీళ్లకి ఆగారు. బుగతోణ్ణి చూసి, "అబ్బ, ఎంత బావుందయ్యా!" అన్నారు. అంతే. పెద్దవాళ్లు బాగుందన్నాక ఇవ్వకపోతే మర్యాద కాదని మా ఆయన ఆ పూటే కాళ్లు కట్టి సీతమ్మధారలో వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చేశాడు. నేను బజారుకెళ్లి వచ్చేసరికి గోడ మీద పుంజు లేదు. "సారు సంతోషించేడు, పక్కింటి బావా సంతోషించేడు. ఒక దెబ్బకి రెండు పిట్టలు కాదేటి?" అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు నేను. అత్తకి రాయడానికి ధైర్యం చాలక ఉరుముల మీద నెట్టేశాను.

అత్త దగ్గర ఇంకా పుంజులున్నాయి కదా, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చనుకున్నాను. ఇప్పుడు అదీ లేదు.

వాళ్లు క్రిస్టియన్లు. క్రిస్మస్ విందుకి అట్టేపెట్టారని మా ఆయన నిన్ననే కనుక్కుని వచ్చాడు. అంటే ఇంకా బతికే ఉన్నాడు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం కంటే సిగ్గుమాలిన పని లేదు. ఆదివారం వెళ్లి అడుగుతాను.

గంగాభవాని


కూర్మన్నపాలెం,
17-11-86

అత్తా,

ఈసారి అన్నీ నిజాలే రాస్తున్నాను. కూర్చుని విను.

బుగతోణ్ణి నీ అల్లుడు వాళ్ల ఇంజనీరుకి బహుమతి ఇచ్చేశాడు. రెండు నెలలు నీకు చెప్పకుండా దాచాను. ఉరుము తప్పేమీ లేదు, తప్పంతా మాదే. తిట్టు. కాని ముందు ఇది విను.

నిన్న మేమిద్దరం సీతమ్మధార వెళ్లాం. బదులుగా ఇవ్వడానికి గాజువాకలో బలిసిన ఫారం కోళ్లు రెండు కొన్నాను. అర్జునరావు గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. "నానిక్కడే ఉంతాను, సైకిలు ఎవులైనా ఎత్తుకుపోతారు" అన్నాడు. మేము వెళ్లింది బస్సులో అత్తా.

ఇంజనీరు గారి భార్య జయమణి గారు బళ్లో టీచరు. నన్ను చూసి కుర్చీ వేశారు. పెరట్లో జామచెట్టుకి బుగతోణ్ణి కాలికి తాడేసి కట్టారు. బాగా బలిశాడు. బియ్యం పెడుతున్నారట. నన్ను చూసి ఒక్కసారి మెడ పక్కకి తిప్పాడు. గుర్తుపట్టాడో, చేతిలో ఫారం కోళ్లని చూశాడో తెలియదు.

అడగడానికి నాకు నోరు రాలేదు. టీ ఇచ్చారు, తాగాను. బిస్కట్లు పెట్టారు, తిన్నాను. ఆఖరికి కళ్లు మూసుకుని చెప్పేశాను. అమ్మా, ఈ పుంజు మాకు వెనక్కి కావాలి, దీనికి బదులు ఇవి రెండు ఉంచుకోండి అన్నాను.

ఆవిడ ముఖం మారింది. "ఇచ్చిందాన్ని మళ్లీ అడుగుతారా అమ్మా? మా ఆయనకి తెలిస్తే మీ ఆయన్ని గురించి ఏమనుకుంటారు? పన్నెండు మందిని భోజనానికి పిలిచేశాను" అన్నారు.

ఏమైనా అనుకోనీండి అన్నాను. ఇది మా ఊరి పుంజు, దీని జాతిలో ఇంకో మగది లేదు, ఇదీ పోతే మా ఊరిది ఏదీ ప్రాణంతో ఉండదు అన్నాను. ఏడవకూడదనుకున్నాను గాని ఏడ్చేశాను.

"మీదే ఊరు?" అన్నారు.

"గెడ్డపాలెం అండి. ఇప్పుడు లేదు. ప్లాంటు లోపల, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లు కడుతున్నారే, అక్కడ."

ఆవిడ జామచెట్టు వైపు చూశారు. తర్వాత, "అంటే మా ఆయన రోజూ డ్యూటీకి వెళ్లేది మీ ఊరికేనన్నమాట" అన్నారు.

లేచి వెళ్లి తాడు ఆవిడే విప్పారు. ఫారం కోళ్లని మాత్రం ఉంచుకున్నారు, పన్నెండు మంది వస్తారు కదా. గేటు దగ్గర అర్జునరావుని చూసి, "లోపలికి రావయ్యా, నీ సైకిలు ఎవరూ ఎత్తుకుపోరు" అన్నారు. ఆవిడకి వినపడిందన్నమాట. ఆయన ముఖం చూడాలి నువ్వు.

బుగతోడు ఇంటికి వచ్చాడు. గింజలు వేస్తే మళ్లీ ముందు పెట్టల్నే పిలిచాడు. బెదురుగొడ్డు రెండు గంటలు మంచం కిందినుంచి రాలేదు, తర్వాత వెళ్లి వాడి పక్కనే నిలబడింది. గురునాథరావు గారు గోడ మీంచి చూసి, "వచ్చేసేడాండి?" అన్నాడు. సంగతంతా చెప్పాను. "మీరు ముందే చెప్పద్దాండి? చెవుల్లో దూది పెట్టుకునేవోణ్ణి కదండి" అన్నాడు.

ఇక నీ వంతు. నీ పద్నాలుగింటి సంగతి నాకు తెలుసు. ఎవరు చెప్పారని అడగకు. నువ్వెందుకు దాచావో మాత్రం చెప్పు.

గంగాభవాని


ఎలమంచిలి,
5-12-86

గంగా,

ఎవరు చెప్పారని అడగవద్దంటావు. చెప్పినవారు ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నారు. ఇల్లు అద్దెకిచ్చినవారు కనుక ఊరుకున్నాను. "ముసిలాయన కడుపులో మాట దాగదు, రాయండి, ఇదీ రాయండి." రాశాను.

నిన్నేమీ తిట్టను. తల్లికోడి తొక్కితే పిల్ల చస్తుందా అంటారు గాని, నేను తొక్కితే పద్నాలుగు చచ్చాయి. నిన్ను ఏ నోటితో తిట్టను?

భాద్రపదంలో పశువుల ఆసుపత్రి మనిషి వచ్చాడు. సంచీ ఉంది, చేతిలో పుస్తకం ఉంది. కోళ్లకి జబ్బు రాకుండా సూదులు వేస్తాం అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. పుస్తకం తెరిచి, "అమ్మా, నీకు కోళ్లెన్ని?" అన్నాడు.

ఆ మాట నేను ముందే విన్నాను. మన ఊరికీ ఇలాగే వచ్చారు కదే. ఇలాంటి పుస్తకమే. అమ్మా, కొబ్బరి చెట్లెన్ని? నుయ్యి ఉందా? పశువులెన్ని? నేను మజ్జిగ ఇచ్చి, దగ్గరుండి ఒక్కొక్కటీ చూపించాను. ఇంకో మామిడి చెట్టు మరిచిపోయావు బాబూ అని వెనక్కి పిలిచి మరీ రాయించాను. రాసుకున్నది ఒక్కటీ మిగల్లేదు. రాయనివి కోళ్లే. ఆ రోజు అవి గెడ్డ వాగు దాటి అవతలి గట్టుకి మేతకెళ్లి కనపడలేదు. అందుకే నాతో వచ్చాయని నా నమ్మకం.

"నేవు బాబూ, నాకు కోళ్లు నేవు" అన్నాను. వీధి చివర అతని చేతిలో పుస్తకం చూసినప్పుడే పద్నాలుగింటినీ గంపల కింద తోసి, పైన గోనెలు కప్పేశాను. లోపల ఒకటి గుడ్డు పెట్టి అరవడం మొదలెట్టింది. అది వినపడకుండా నేను ఎంతసేపు దగ్గానో నాకే తెలీదు. పాపం, ఆ మనిషి నా దగ్గుకి మందు ఏదో కాగితం మీద రాసిచ్చి వెళ్లాడు.

వీధిలో సూది వేయించుకున్న కోళ్లన్నీ ఉన్నాయి. నావే పోయాయి. "దాసుకుంటే ఉంతాయనుకున్నాను గంగా. నానే సంపుకున్నాను."

నీ మూడింటికీ రేపే సూది వేయించు. నాకు మాత్రం ఇక కోళ్లు వద్దు. పిల్లలైనా పంపకు. నా చెయ్యి మంచిది కాదు.

పోతమ్మ

తా.క. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాస్తూ రెండుసార్లు కలం కింద పెట్టాల్సి వచ్చింది. - అ.రా.


కూర్మన్నపాలెం,
3-2-87

అత్తా,

నీ మాట ప్రకారం పుంజుకీ పెట్టలకీ గాజువాక పశువుల ఆసుపత్రిలో సూది వేయించాను. గయ్యాళిది కాంపౌండరుని పొడిచింది. బెదురుగొడ్డు సూది చూడకముందే స్పృహ తప్పినట్టు పడుకుంది. బుగతోడు మాత్రం రెక్క తనే ఎత్తి ఇచ్చినట్టు నిలబడ్డాడు.

ఇక అసలు సంగతి. జనవరి మొదట్లో రెండూ పొదగడానికి కూర్చున్నాయి. ఇరవై గుడ్లు పెట్టాను. గురునాథరావు గారు గుడ్లని ఒక్కొక్కటీ గుప్పిట్లో పెట్టి టార్చిలైటు మీద చూసి, మూడు తీసి పారెయ్యండి, మిగతావి బాగున్నాయండి అన్నాడు. తణుకులో వాళ్ల ఇంట్లో కోళ్లు పెంచేవారట. ఇన్నాళ్లూ చెప్పలేదు చూడు.

జనవరి ఇరవై ఆరున పిల్లలు బయటికొచ్చాయి. పదిహేను. అన్నిటి నెత్తినా చిన్న బుడిపె ఉంది అత్తా, జుట్టు వస్తుంది. గయ్యాళిది తన పిల్లల్నీ, బెదురుగొడ్డు పిల్లల్నీ కలిపి తనే మేపుతోంది. బెదురుగొడ్డు పక్కన నిలబడి చూస్తోంది, ఏడవడం లేదు, అదే సుఖంగా ఉన్నట్టుంది. పిల్లల కళ్లలో మందు చుక్కలు కూడా వేయించాను.

నువ్వు వద్దన్నావు. నేను వినను. మార్చిలో ఏడింటిని గంపలో పెట్టి తెస్తాను. నీ చెయ్యి మంచిది కాకపోతే ఆరేళ్లు ఎవరు పెంచారు వాటిని? ఎవరి గంపలో వచ్చాయి? తలుపు తియ్యకపోతే గుమ్మంలో పెట్టి వచ్చేస్తాను. పోస్టుమాస్టర్ గారు శాకాహారి, ఆయన దగ్గర భయం లేదు.

గంగాభవాని


ఎలమంచిలి,
21-4-87

గంగా,

గంప దించేసి బస్సుకి ఆలస్యమైపోతోందని పారిపోయావు. ముఖం చూపించి ఉంటే నాలుగు తిట్టేదాన్ని. ఆ రోజంతా గంప మూత తియ్యలేదు. సాయంత్రం లోపలినుంచి ఒకటే కిచకిచ. "ఆకలికి ఏడిసినోల్లని ఎవులు సూడగల్రు?" నూకలు వేశాను. అంతే, మళ్లీ పడ్డాను ఈ ఊబిలో.

ఏడింటిలో రెండు పుంజులు. ఒకటి ఇప్పటినుంచే గింజ ముట్టకుండా అక్కచెల్లెళ్లని పిలుస్తోంది. ఇంకొకటి తిండిపోతు, అర్జునరావు పేరు పెట్టాను. ఒక పెట్ట అచ్చం పెత్తనాలదే. వచ్చిన దగ్గర్నుంచీ పోస్టుమాస్టర్ గారి గడప మీదే ఉంటోంది.

నిన్న ఆ పశువుల ఆసుపత్రి మనిషి వీధిలోకి వచ్చాడు. గోనెలు అందుబాటులోనే ఉన్నాయి. చేతులు వాటి మీదికి వెళ్లాయి కూడా. తర్వాత లేచి, వీధి మధ్యకి వెళ్లి నేనే పిలిచాను. "బాబూ, ఇలగ రా. నాకు కోళ్లున్నాయి. ఏడు. రాసుకో."

అతను నన్ను గుర్తుపట్టి, "దగ్గు తగ్గిందా అమ్మా?" అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

ఏడింటినీ పట్టి ఇచ్చాను, సూదులు వేశాడు. పుస్తకంలో ఏం రాశావు బాబూ అని అడిగాను. పేరు పోతమ్మ, కోళ్లు ఏడు, రకం దేశవాళీ అని చదివాడు. అది కొట్టెయ్యి అన్నాను. "దేశవాళీ ఏటి? దేశంలో ఎక్కడ సూసేవు ఈ జుట్టు? గెడ్డపాలెం అని రాయి." ఆ పేరు ఎప్పుడూ వినలేదమ్మా, అదెక్కడ అన్నాడు. ఇదిగో ఇక్కడే, నీ కాళ్ల దగ్గరే తిరుగుతోంది అన్నాను. నవ్వి, కొట్టేసి రాశాడు. నాకు చదువు రాదు కదా, మూడుసార్లు చదివించుకున్నాను.

రాసినందుకు భయం వేసింది గంగా, అబద్ధం చెప్పను. అయినా రాయించాను.

పోతమ్మ

తా.క. అమ్మాయీ, ఇది నేను సొంతంగా చేరుస్తున్నాను. ఉద్యోగంలో నా ఆఖరి మూడేళ్లు గాజువాకలో గడిచాయి. మీ ఊరు లేచిపోయాక కూడా మీ ఊరికి ఉత్తరాలు వస్తూనే ఉండేవి. పెళ్లి శుభలేఖలు, మిలట్రీలో ఉన్నవాళ్ల కార్డులు. వాటి మీద ఎర్ర సిరాతో "ఇట్టి గ్రామము లేదు" అని రాసి వెనక్కి పంపినవాణ్ణి నేనే. ఎన్ని రాశానో లెక్క లేదు. రిటైరై వచ్చాక ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉంటూ ఈ మాట పోతమ్మ గారికి చెప్పలేకపోయాను. ఈ పొద్దున పశువుల ఆసుపత్రికి వెళ్లి ఆ పుస్తకం అడిగి చూశాను. గెడ్డపాలెం అనే రాశాడు.

ఇది దాచి అంటించడం నావల్ల కాలేదు. ఇప్పుడే ఆమెకి చదివి వినిపించాను. లేచి లోపలికి వెళ్లారు. తర్వాత నూకల చేట తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అయితే రేపట్నుంచి మా ఊరోల్లకి మేత నువ్వే ఎయ్యి" అన్నారు. రేపటి దాకా ఆగలేదు. ఈ పూటే వేశాను. - అచ్యుతరామయ్య